ఒక్క దినమే గదా

ఆ వారంలో అది తొమ్మిదో ఫోను.

"ఏమప్పా, నీకు ఇంకేం పనిలేదా?" నాగేశ్వర దానిమ్మ చెట్లకు మందు కొట్టేది ఆపి విసుక్కున్నాడు.

"నా పని ఇదే గదన్నా. ఈ రాత్రితో మీ కారు ఇన్సూరెన్సు అయిపోతాండాది."

మాట్లాడుతున్నది అనంతపురం ఏజెంటు నరసింహప్ప. పాత కారు అమ్మినాయన ఇచ్చిన నంబరు అది. నాగేశ్వర ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. రేటు కనుక్కుందామని కారు కాగితాలు వాట్సాప్‌లో పంపిన పాపానికి రోజూ ఈ గోల.

"అయిపోతే అయిపోనీ. నువ్వు చెప్పిన రేటు నాతో కాదు."

"మీ పిల్లోనికి లైసెన్సొచ్చి పదైదు దినాలన్నా కాలేదంటిరి. కొత్త చెయ్యి. ఇన్సూరెన్సు లేకుండా ఒక్క దినం గూడా రోడ్డెక్కనీయొద్దన్నా."

"సోమవారం నేనే అనంతపురం వస్తాండా. ఆడ ఎవరో సగం రేటుకే రాసిస్తారంట. మధ్యలో ఆదివారం, ఒక్క దినమే గదా!"

"సగానికి ఇచ్చేది దొంగ కాగితమన్నా. నా మాట ఇను..."

"నీ కమీషను పోతాదని నీ ఏడుపు."

నాగేశ్వర ఫోను పెట్టేసి ఆ నంబరును బ్లాక్ చేశాడు. చెవిలో జోరీగ వదిలినట్టయింది. ఆ పూట మందు కొడుతూ రెండుసార్లు నవ్వుకున్నాడు కూడా.

మర్నాడు అనంతపురంలో పెళ్ళి. అభిలాష్ కారు తీశాడు. పద్దెనిమిది నిండిన నెలకే లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడు, స్టీరింగు వదిలిపెట్టడు. తండ్రి పక్కన కూర్చున్నాడు.

ఊరి నుంచి బస్సు ఆగే క్రాసు దాకా రెండు మైళ్ళు. అటూ ఇటూ విత్తనం పడని బీడు, దూరంగా దిబ్బల మీద గాలిమరలు. మనిషి జాడ లేదు.

ఉన్నట్టుండి ఎర్రటి సుడిగాలి లేచి రోడ్డును కమ్మేసింది.

"బ్రేకెయ్‌రా!"

వేశాడు. కాలు పడింది మాత్రం బ్రేకు మీద కాదు.

దుమ్ము అణిగాక చూస్తే కారు ముందు ఒక ముసలాయన పడి ఉన్నాడు. తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు. గుడ్డసంచి ఎగిరిపోయి కంపచెట్టులో చిక్కుకుంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన కారు నంబరు పలక వైపే చూస్తున్నాడు.

కేసు పెట్టడానికి చూసుకుంటున్నాడనుకున్నాడు నాగేశ్వర. తనకు జాలి కంటే ముందు భయమే వేసింది. ఆ తరువాత ఎన్నో రాత్రులు తనను పడుకోనివ్వనిది ఆ సంగతే.

ముసలాయన చెయ్యి కొంచెం లేచింది. "సంచి..."

అభిలాష్ కంపచెట్టు వైపు పరుగెత్తబోయాడు.

"సంచి ఇడిసిపెట్రా! ముందు మనిషిని పట్టుకో!"

వెనక సీట్లో ముసలాయన తల నాగేశ్వర ఒడిలో ఉంది. అభిలాష్ ఏడుస్తూనే నడుపుతున్నాడు. వాడి ఏడుపు విని ముసలాయన పెదవులు కదిలాయి.

"పిల్లోడా... భయపడొద్దు. ఏం గాదులే నీకు."

పోయేది తన ప్రాణం, ధైర్యం చెప్పేది వాడికా?

అనంతపురం ఆసుపత్రి చేరేలోపే ఒడిలో తల చల్లబడింది. డాక్టరు చెయ్యి పట్టి చూసి వదిలేశాడు.

"ఎవరో ఏమో. జేబులో కళ్ళద్దాలు, బస్సు టికెట్టు తప్ప ఏమీ లేవు," అన్నాడు కానిస్టేబుల్. "ఇన్సూరెన్సు ఉండాదా?"

"ఉండాది సార్. ఇంట్లో ఉండాది."

"తెప్పించు. లేకుంటే కోర్టు వేసే పరిహారానికి నీ భూమి అమ్మినా చాలదు. నడిపింది నీ కొడుకు, బండి నీది."

అభిలాష్ గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. చేతికంటిన రక్తాన్ని ప్యాంటుకు తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో ఆరిపోయింది.

నాగేశ్వర బయటికొచ్చి బ్లాక్ చేసిన నంబరును వెతికాడు. నిన్నటి తేదీ వేసి కాగితం ఇమ్మనాలి. ఎంతడిగితే అంత ఇవ్వాలి. దొంగ కాగితం వద్దని మొత్తుకున్న మనిషినే దొంగ తేదీ అడగబోతున్నాడు. సిగ్గేసింది. అయినా చేశాడు.

ఆడగొంతు పలికింది.

"నరసింహప్ప లేడామ్మా? నేను నాగేశ్వర. కారు ఇన్సూరెన్సుకి..."

"మీరేనా అన్నా! నేను ఆయన కూతురు హేమావతిని. మీది నిన్ననే అయిపోయింది గదా!"

"అయిపోవడమేందమ్మా?"

"నాయనే తన దుడ్లు కట్టి చేసేసినాడు. అందరికీ ఇట్లనే కడతాడు, తర్వాత ఇస్తారులే అని. ఈ దినం నుంచే ఇన్సూరెన్సు ఉండాది మీకు."

నాగేశ్వర గుండెల మీద నుంచి బండ దిగింది. భూమి నిలిచింది. కొడుకు నిలిచాడు. ఆసుపత్రి గోడకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆ నరసింహప్ప ఎదురుగా ఉంటే కాళ్ళు పట్టుకునేవాడే.

"కాగితం మీ ఫోనుకు పంపితే పోలేదంట," హేమావతి చెబుతూనే ఉంది. "కొత్తగా నేర్చిన పిల్లోడు, కాగితం లేకుండా బండి తీస్తాడేమో, నేనే పోయి చేతిలో పెట్టొస్తానని పొద్దున్నే బస్సెక్కినాడు. తొందరలో ఫోను గూడా ఈడే మర్సిపోయినాడు. క్రాసులో దిగి నడిస్తే ఈపాటికి వచ్చేసుండల్ల... మా నాయన మీ ఊరు చేరినాడా అన్నా?"