వెయ్యో రోజు

"కుర్చీ గట్టిగా పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు," అన్నారు సేఫ్టీ ఇన్‌ఛార్జి, చక్రాలున్న కుర్చీ మీదికి ఎక్కుతూ.

"నిచ్చెన తెమ్మంటారా సార్?"

"నిచ్చెన ఎక్కాలంటే ఫారం నింపాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. కుర్చీకి ఫారం లేదు."

ఆ మాట నిజమే కాబట్టి ఆమె కుర్చీ పట్టుకుంది. పరిశోధన మొదలుపెట్టి ఐదేళ్లవుతున్నా ఒక కొలిక్కి రాకపోవడంతో ల్యాబ్‌లో అందరూ ఆమెను ఐదో ఏడమ్మాయి అంటారు. ఎదురుగా గోడ మీద బోర్డు ఉంది: 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు: 999'. అంకెలు తగిలించడానికి దానికి మూడే కొక్కేలు. బోర్డు చేయించినవాళ్లు ఈ ల్యాబ్ మీద అంతకుమించి ఆశ పెట్టుకోలేదు. నాలుగో అంకె కోసం ఇన్‌ఛార్జిగారు స్వయంగా మేకు కొడుతున్నారు.

సరిగ్గా అప్పుడే ఆమె టైమర్ మోగింది. కిటికీ పక్కన గాజుతొట్టిలో ఆమె మూడేళ్లుగా కన్నబిడ్డలా పెంచుతున్న నాచు ఉంది. రోజూ వేళకి నీళ్లు మార్చకపోతే అది చచ్చిపోతుంది. ఇంకో ఇరవై రోజులు బతికిందంటే థీసిస్ పూర్తవుతుంది. అలవాటు కొద్దీ ఆమె చేతులు కుర్చీని వదిలేశాయి.

కుర్చీ ఒకవైపు, ఇన్‌ఛార్జిగారు ఇంకోవైపు వెళ్లారు.

"కాలు విరిగింది," అన్నారాయన నేల మీంచి. "చప్పుడు విన్నాను."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. "నావల్లే సార్. క్షమించండి."

"క్షమాపణలు తర్వాత. ముందు నా కళ్లద్దాలు ఎక్కడ పడ్డాయో చూడు. రక్షణ కళ్లద్దాలు లేకుండా ల్యాబ్‌లో ఉండకూడదు."

ఆమె వాటిని వెతికి ఆయనకు పెట్టి, అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. తర్వాత ఇద్దరి చూపూ బోర్డు మీదికి పోయింది. ప్రమాదం జరిగిందని రాస్తే అంకె సున్నాకి వస్తుంది. అది ఆయన బాధ. దాంతోపాటు నెల రోజులు ల్యాబ్‌కి తాళం పడుతుంది. అది ఆమె బాధ. తాళం వేసిన గదిలో నాచుకి నీళ్లు మార్చేదెవరు? కాలు విరిగిన మనిషి ముందు నిలబడి నాచు గురించి ఆలోచిస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆలోచన ఆగలేదు.

"నన్ను గుమ్మం దాటించండి," అన్నారు ఇన్‌ఛార్జిగారు పళ్ల బిగువున. "కారిడార్‌లో జరిగితే మన లెక్కలోకి రాదు."

చప్పుడు విని వచ్చిన అటెండర్ బాబాయ్ గ్యాస్ సిలిండర్లు మోసే ట్రాలీ తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని దాని మీదికి చేర్చి కారిడార్‌లోకి తోశారో లేదో, ఎదుటి ల్యాబ్ తలుపు తెరుచుకుంది. అక్కడి ఇన్‌ఛార్జి మేడమ్ బయటికొచ్చారు. వాళ్లకూ ఒక బోర్డు ఉంది. దాని మీద 612.

"అక్కడే ఆగండి. ఈ పసుపు గీత దాటితే మా హద్దు. ఆయన తల మా వైపు వచ్చింది."

"విరిగింది కాలండీ," అన్నాడు బాబాయ్. "కాలు మా వైపే ఉంది కదా."

"తల ఎటుంటే మనిషి అటున్నట్టు."

"ఆవిడ చెప్పింది సబబే," అని మూలుగుతూ ఒప్పుకున్నారు ఇన్‌ఛార్జిగారు. "నిబంధనల పుస్తకం, పద్నాలుగో పేజీ. రాసింది నేనే."

మేడమ్‌కి ఆయన్ని చూస్తే జాలేసినట్టుంది. గొంతు తగ్గించి, "ఎందుకండీ ఇంత అవస్థ. మెట్ల మీద పడ్డారని రాసేయండి," అన్నారు. "మెట్లు మీవీ కావు, మావీ కావు. భవనాల విభాగం వాళ్లవి. పోయిన నెల మావాడు యాసిడ్‌తో చెయ్యి కాల్చుకుంది కూడా మెట్ల మీదే."

ఐదో ఏడమ్మాయి ఫారం తీసింది. "అబద్ధం కదా సార్?"

"నీ నాచు బతకాలా, వద్దా?"

ఆమె తల దించుకుని రాయడం మొదలుపెట్టింది. "ఎన్నో మెట్టని రాయను?"

"మాది ఏడో మెట్టు. మీరు ఇంకోటి చూసుకోండి," అన్నారు మేడమ్.

"పన్నెండు రాయమ్మా," అన్నాడు బాబాయ్. "కాలు విరగాలంటే ఆమాత్రం ఎత్తుండొద్దూ."

"పన్నెండు నుంచి పడితే తల కూడా పగలాలి," అన్నారు ఇన్‌ఛార్జిగారు. "తొమ్మిది చాలు."

తొమ్మిదో మెట్టు, తడి వల్ల జారిపడ్డారు అని రాసి, ఆమె సాక్షి సంతకం పెట్టింది. బాబాయ్ ట్రాలీని తిన్నగా తోసుకెళ్లి వాకిట్లో ఆగిన అంబులెన్స్‌కి అప్పగించాడు. ఆమె లోపలికెళ్లి నాచుకి నీళ్లు మార్చింది.

నాచు బతికింది. థీసిస్ పూర్తయింది. ల్యాబ్‌కి భద్రతా పురస్కారం వస్తే ఇన్‌ఛార్జిగారు చంకకర్రలతో వేదికెక్కి అందుకున్నారు. ఆ చప్పట్ల మధ్య ఐదో ఏడమ్మాయి మాత్రం కుంగిపోయింది. ఫారంలో రాసిన అబద్ధం అన్నం తినేటప్పుడు కూడా గుర్తొచ్చేది. వారం ఓపిక పట్టి, ఇక తట్టుకోలేక, జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని భద్రతా సంఘం అధ్యక్షుడి గదికి వెళ్లింది.

"సార్, ఆ మెట్ల ప్రమాదం గురించి..."

"నువ్వేం చెప్పక్కర్లేదమ్మా," అన్నాడాయన, ఫైలు తెరుస్తూ. "ఏడాదిలో అది పందొమ్మిదోది. భవనాల విభాగాన్ని కడిగిపారేశాను. ఇదిగో, వాళ్ల జవాబు. చదువుకో."

ఆమె చదివింది. 'సదరు మెట్లకు రెండువైపులా కొత్త రెయిలింగు బిగించాం. ప్రతి మెట్టుకూ జారకుండా రబ్బరు పట్టీ వేయించాం. మా ఇంజనీరు ప్రతి సోమవారం స్వయంగా ఎక్కి దిగి తనిఖీ చేస్తున్నారు.'

"ఇక భయం లేకుండా తిరగండి," అన్నాడు అధ్యక్షుడు.

ఆమె ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. చెప్పాలనుకున్నది మింగేసి, దండం పెట్టి బయటికొచ్చింది.

వాళ్ల ల్యాబ్ భవనానికి అసలు మెట్లే లేవు.