శమంతకమణి దగ్గర ఆగిన గొంతు

ఇప్పుడు కాకినాడలో వినాయక చవితి కథను ఇంట్లో పోయిన పెద్దవాళ్లే చదువుతున్నారు. బతికుండగా వాళ్ల గొంతు, మాటతీరు ఓ మాట్లాడే పెట్టెకు నేర్పిస్తే చాలు, పోయాక అది అచ్చం వాళ్లలాగే మాట్లాడుతుంది. భాస్కరం ఇంట్లో అతని తల్లి వెంకటరత్నం చదువుతుంది. ఆమె పోయి మూడేళ్లయింది.

కోడలు సుభద్ర అక్షింతలు పట్టుకుని కూర్చుంది. కథ విని అవి నెత్తిన వేసుకుంటే, ఆ రాత్రి చంద్రుణ్ణి చూసినా నీలాపనిందలు రావని నమ్మకం.

శమంతకమణిని కృష్ణుడే కాజేశాడని సత్రాజిత్తు నింద వేసిన చోట పెట్టె ఆగింది.

"మణి సంగతి సరే సుభద్రా, నా చంద్రహారం ఎక్కడ దాచావే?"

ఆ హారం వెంకటరత్నం పోయిన నెల రోజులకు ఆమె పట్టుచీర మడతల్లోనే దొరికింది. పెట్టెకు ఆ సంగతి తెలియదు. కొడుకు చెబితేనే అది దిద్దుకుంటుంది.

"ఈసారైనా చెప్పండి" అంది సుభద్ర భర్తతో.

"పండగ పూట మొదలెట్టకు. దిద్దితే అది అమ్మెలా అవుతుంది? ఓ మాటంటే అరిగిపోతావా?"

"నన్ను దొంగ అనకపోతే మీకు అమ్మలా ఉండదన్నమాట."

"మొగుడికి ఎదురు చెప్పకే" అంది పెట్టె.

కథ ముగిసింది. సుభద్ర తన నెత్తిన అక్షింతలు వేసుకుంది. భాస్కరం అలవాటుగా తల వంచాడు. ఆమె పళ్లెం వెనక్కి లాక్కుంది.

"మీకెందుకండీ? రాత్రి మేడెక్కి చంద్రుణ్ణి బాగా చూడండి. రేపు మీమీద నింద పడితే, నిజం తెలిసినా నేనూ నోరు విప్పను."