తోక బరువు

ఈ ఆదివారం కూడా నా రిమోట్ విమానం గడప దాటలేదు. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే దాని ముక్కు కాస్త కిందికి వాలాలి. వాలదే! తోకే చతికిలబడుతోంది. ఇలాగే ఎగరేస్తే నిమిషంలో కూలి ముక్కలవుతుంది.

మొదటి వారం ముక్కులో సీసం బిళ్ళ పెడితే సరిపోయింది, వచ్చే ఆదివారం ఎగరేద్దామనుకున్నాను. వారం తిరిగేసరికి మళ్లీ తోక కిందికి. ఇంకో బిళ్ళ పెట్టాను. మళ్లీ అదే కథ. తోక ఏమైనా తిండి తింటోందా?

"ఇంకాస్త సీసం పెట్టండి," అంది మా ఆవిడ, కుట్టుమిషను ఆపకుండానే.

"పెడితే అది విమానం కాదు, ఇనపగుండు!"

ఒళ్లు మండి, బ్లేడుతో తోక మీది ప్లాస్టిక్ పొర కోశాను. దాన్ని ఇస్త్రీపెట్టెతో ముడత లేకుండా అతికించింది ఆవిడే. నాకా పని పట్టుబడలేదు.

లోపల వరసగా మూడు బాబిన్లు. ఆవిడ మిషనువే, ఎర్రదారంతో సహా.

మిషను ఆగింది.

"ఏంటిది?" అని అరిచాను.

"మీరీ విమానం కట్టడం మొదలుపెట్టి ఏడు నెలలైంది," అంది ఆవిడ సూది వైపే చూస్తూ. "ఏడు నెలల్లో మీరు ఒక్క సాయంత్రం కూడా బారుకు పోలేదు. ఇది ఎగిరాక ఏం చేస్తారోనని భయమేసింది."

నోరు తెరిచాను, తిట్టడానికే. విమానం మొదటిసారి ఎగిరే రోజున తాగుదామని బ్యాటరీల పెట్టె అడుగున దాచిన మందు సీసా గుర్తొచ్చింది.

"నాలుగో బాబిన్ ఇలా ఇవ్వు," అన్నాను.