తూర్పు వైపు ప్రయాణం

చెవిలో పెట్టుకుంటే భూమి తిరగడం ఒంటికి తెలిసే బిళ్లలు కాకినాడలో ఇంటింటికీ వచ్చేశాయి. పెద్దవాళ్లు గోడలు పట్టుకుని నడుస్తుంటే పిల్లలు కేరింతలు కొడుతున్నారు. రోజూ మేడ మీద సూర్యుడికి అర్ఘ్యమిచ్చే మా అత్తగారు మాత్రం నమ్మలేదు.

"భూమి తిరగడమేమిటే? రోజూ ఆయనే వస్తుంటే కళ్లారా చూస్తున్నాగా!"

"ఒక్కసారి పెట్టుకోండి అత్తయ్యా," అని, మేడ మీద అర్ఘ్యం చెంబుతో నిలబడ్డ ఆవిడ చెవిలో నేనే బిళ్ల పెట్టాను.

పడవెక్కినట్టు తూర్పుకి ఊగిపోయి ఆవిడ దండెం పట్టుకున్నారు. చెంబులో నీళ్లన్నీ నా మీద పడ్డాయి. ఇక పూజ మానేస్తారేమోనని భయపడ్డాను.

ఆవిడ పకపకా నవ్వి, గబగబా మెట్లు దిగారు.

"మనమే ఆయన దగ్గరికి వెళ్తున్నామని ముందే చెప్పొద్దూ? ఈ వెలిసిపోయిన చీరలోనా వెళ్లేది! నా పట్టుచీర తియ్యి!"