మంచుకొండ మీద ఖాళీ గది

గది ఇంకా దొరకలేదు. పెట్టెలు మాత్రం సర్దేశారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆ ఇంటి వ్యవహారం. గురువారం మధ్యాహ్నానికి సోఫా నిండా ఉన్ని టోపీలు, చేతి తొడుగులు, మోకాళ్ల పట్టీలు. కూతురు చేతికో చీపురుకట్ట పట్టుకుని, మేజోళ్లతో గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడకి జారుతోంది. కొండ మీద హోటల్ గుమస్తా మాత్రం ఫోన్లో పాడిన పాటే పాడుతున్నాడు. శని, ఆదివారాలు గదులన్నీ నిండిపోయాయి. స్కీయింగ్ నేర్పే మాస్టార్లకి ఊపిరి సలపడం లేదు. మెట్ల కింద మంచం వేద్దామన్నా చోటు లేదు.

ఏటా చలికాలం వచ్చిందంటే ఇదే తంతు. మంచు మీద జారాలన్నది ఆ ఇంటావిడకి పెళ్లినాటి కోరిక. పెళ్లయిన కొత్తలో గది దొరకలేదు. పాప పుట్టాకా దొరకలేదు. ఈలోగా ఆవిడ అక్కాబావలు మూడుసార్లు వెళ్లొచ్చారు. వచ్చినప్పుడల్లా ఫోటోలు చూపించి, మీరింకా వెళ్లలేదా అని అక్క అమాయకంగా అడిగేది. అడిగిన ప్రతిసారీ ఆవిడకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఈసారీ ఆ బావగారు ఎండాకాలంలోనే గది పట్టేశాడు.

అందుకని ఆవిడ తేల్చి చెప్పేసింది. గది దొరికితే ముగ్గురూ వెళ్తారు. దొరక్కపోతే తనూ పాపా అక్కావాళ్ల గదిలో సర్దుకుంటారు. మొగుడుగారు ఇంట్లో కూర్చుని బనియన్లు ఉతుక్కోవచ్చు.

బనియన్ల గురించి ఆయనకి బాధ లేదు. తన పెళ్లాంబిడ్డల్ని తోడల్లుడు మంచుకొండ ఎక్కించాడన్న మాట బతికినన్నాళ్లూ వినాలి. అది తలుచుకుంటేనే ఆయనకి అన్నం సయించలేదు.

"గది సంగతి నాకొదిలెయ్" అన్నాడు, ఆఫీసుకి టై కట్టుకుంటూ.

"మీకా? మీరు చెప్పింది ఎప్పుడు జరిగింది గనక? మన పెళ్లి విందు ఆరుబయటే పెట్టిద్దాం, ఏం కాదన్నారు. వచ్చినవాళ్లంతా తడిసి ముద్దయ్యారు. మా నాన్న ఇప్పటికీ మీ పేరెత్తితే తుమ్ముతారు."

అది పాత సంగతని గొణుక్కుంటూ ఆయన బయల్దేరాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంట గెలవకుండానే రచ్చ గెలిచిన ఘనుడు. ఇంట్లో కూతురు కూడా లెక్కచెయ్యని ఆయన మాటకి బయట మంచి గిరాకీయే ఉంది. సాయంత్రం తల్లీకూతుళ్లు చలికోట్ల బేరానికి బజారుకెళ్లారు. ఆయన రాత్రి ఇంటికొచ్చి, పెట్టెలు విప్పకండి, మనం వెళ్తున్నాం అన్నాడు.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. తాము ప్రయాణం మానుకున్నామంది. పిల్లలతో ఎందుకొచ్చిన గొడవ అంటున్నారు మీ బావ, మీరూ మానుకోండి అని సలహా ఇచ్చింది.

"మా ఆయన ఏం కాదు, వెళ్దామంటున్నారే" అంది ఆవిడ.

అక్క రెట్టించి అడిగింది.

"మీ ఆయనా? మీ ఆయనే అన్నాడా?"

తన మొగుడికి ఆపాటి ధైర్యం ఉందంటే అక్కకి మింగుడు పడటం లేదనుకుంది ఆవిడ. పొంగిపోతూ ఫోన్ పెట్టేసి, వెంటనే హోటల్‌కి చేసింది. నిన్నటిదాకా విసుక్కున్న గుమస్తా గొంతులో తేనె కారుతోంది. కిటికీ కొండవైపు ఉండాలా, లోయవైపు ఉండాలా అని అడిగాడు. రాత్రి నుంచీ వరసపెట్టి రద్దు చేసుకుంటున్నారని వాపోయాడు. గది భార్య పేరు మీదే రాయించమన్నాడు ఆయన. ఇన్నేళ్లకి తన పేరుకి ఓ విలువ వచ్చిందని ఆవిడ మురిసిపోయింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ముగ్గురూ కొండెక్కారు.

శనివారం ఆకాశంలో మచ్చుకి కూడా మబ్బు లేదు. జనాన్ని కొండ మీదికి మోసే లిఫ్టు కుర్చీలు ఖాళీగా తిరుగుతున్నాయి. పనిలేని స్కీయింగ్ మాస్టార్లు వీళ్ల కోసం పోటీలు పడ్డారు. పాప పొద్దున పడింది, మధ్యాహ్నానికి జారింది. ఆవిడ చీకటి పడేదాకా పడుతూనే ఉంది, పడ్డప్పుడల్లా పగలబడి నవ్వింది. ఆవిడకి ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. ఫోటోలన్నీ అక్కడి నుంచే అక్కకి పంపించింది.

ఆయన వాలకమే అంతుపట్టలేదు. నల్ల కళ్లజోడు, చెవుల మీదికి లాగిన టోపీ, ముక్కు దాకా మఫ్లరు. భోజనాల గదిలో కూడా తియ్యలేదు. సూప్ మఫ్లరు కింద నుంచే లాగించాడు. స్వయంగా వడ్డనకి దిగిన గుమస్తా, మిమ్మల్నెక్కడో చూసినట్టుంది సార్ అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు గానీ నోరు విప్పలేదు.

గదికొచ్చాక ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్లూ మిమ్మల్ని ఉత్త చేతకానివారనుకున్నానండీ. నిజం చెప్పండి, ఈ గది ఎలా పట్టారు?"

"ఏముంది, ఓ మాట చెప్పానంతే" అన్నాడు ఆయన, మఫ్లరు విప్పుతూ.

ఆ మాట ఆయన గురువారం సాయంత్రం టీవీలో దేశపటం ముందు నిలబడి, రోజూలాగే వాతావరణ వార్తలు చదువుతూ చెప్పాడు: "శని, ఆదివారాల్లో కొండ ప్రాంతాల్లో భీకరమైన మంచు తుఫాను రాబోతోంది, దయచేసి ఎవరూ అటు వెళ్లకండి."