మూడోసారి వచ్చిన నంబరు

కృప ఎడమ చేతికి చుట్టిన పట్టీ గాలితో బిగిసి, మెల్లగా వదులైంది. మిషన్ మీద 158 పడింది.

ఆ నంబరును ఆమె ఫొటో తీయలేదు. కాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, మళ్లీ బటన్ నొక్కింది.

ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉందని సిద్దిపేట దవాఖానలో మిషన్ ఇచ్చి పంపారు. పూటపూటా చూసుకుని, ఎన్నిసార్లు చూస్తే అన్ని ఫొటోలూ నర్సు ప్రసూనకు పంపాలి. వాటిని బట్టి డాక్టరు ఏం చెప్పిందీ ప్రసూన ఫోన్లోనే చెబుతుంది. కొండపాక నుంచి మాటిమాటికీ బస్సెక్కే బాధ లేదు.

బడిలో ఏనాడూ ఫస్టు ర్యాంకు వదలని పిల్ల కృప. ఇక్కడా అదే పంతం. కాకపోతే ఈ పరీక్షలో ఎంత తక్కువొస్తే అంత గొప్ప.

మూడోసారి 136 వచ్చింది. అదొక్కటే పంపి, స్నానానికి లేచింది.

అత్త బాలవ్వకు అక్షరం ముక్క రాదు. చెవులు మాత్రం పాము చెవులు. పొయ్యి దగ్గర కూర్చునే మిషన్ మూడుసార్లు గుర్రుమనడం, ఫోన్‌లో ఫొటో తీసిన చప్పుడు ఒక్కసారే రావడం విన్నది. కోడలి కాళ్లు చెప్పుల్లో పట్టకపోవడం, నుదురు నొక్కుకోవడం నిన్నటి నుంచీ చూస్తూనే ఉంది. అడిగితే ఏం లేదంటుంది.

పత్తి ఏరబోయిన ప్రతి చేనులోనూ తన కోడలి బీపీ ఇట్టే తగ్గిపోయిందని గొప్పలు పోయింది బాలవ్వ. ఇప్పుడు ఆ మాటలన్నీ గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

అయినా కోడలు తెరిచి వదిలేసిన ఫోన్ తీసుకుని, ప్రసూన బొమ్మ మీద నొక్కింది.

"సిస్టరమ్మా, మా కోడలు మూడుసార్లు సూసి, తక్కువొచ్చింది ఒక్కటే పంపుతుంది. పిల్లకు తలకాయ నొస్తుంది. చెప్తలేదు గని, నాకు కానొస్తుంది."

వెంటనే దవాఖానకు తీసుకురమ్మంది ప్రసూన. స్నానం చేసొచ్చి అది విన్న కృపకు తల కొట్టేసినట్టయింది. ఆటోలో దవాఖాన దాకా అత్త నుంచి ముఖం తిప్పుకునే కూర్చుంది.

అక్కడ చూస్తే 168. ఇంకో రోజు ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని, తల్లికీ బిడ్డకూ గండమేనని డాక్టరు చెప్పింది. మందు మార్చి వారం రోజులు ఉంచుకుంది.

ఇంటికొచ్చాక కృప ఒక్క నంబరూ దాచలేదు. 142. 150. 146. పెరిగినప్పుడల్లా ప్రసూన ఫోన్ చేసింది, మందు మోతాదు మారింది.

తొమ్మిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరు వందలు. పుట్టగానే వార్డంతా వినపడేలా ఏడ్చింది.

మర్నాడు ప్రసూన ఒక గర్భిణిని వెంటబెట్టుకొచ్చింది. ఆ అమ్మాయి చేతిలో కొత్త మిషన్. చదువుకున్నదానివి, ఎలా చూసుకోవాలో కాస్త నేర్పించమని కృపను అడిగింది ప్రసూన.

కృప మంచం మీద ఒక పక్కకు జరిగి చోటిచ్చింది.

"మా అత్తమ్మ నేర్పిస్తది సిస్టర్. నన్నూ బిడ్డనూ కాపాడింది ఆమెనే."

బాలవ్వ కొంగు సర్దుకుని, వచ్చి కూర్చుని, ఆ అమ్మాయి చేతికి తనే పట్టీ చుట్టింది.

"ఎంతొచ్చినా సిగ్గువడకు బిడ్డా."