బురదరంగు పట్టు

బట్టల షాపులో పొద్దుటినుంచి పెళ్లికూతురు ఏ చీర మెచ్చుకున్నా కాబోయే అత్తగారు దానికో వంక పెడుతోంది. గులాబీరంగు ఇట్టే వెలిసిపోతుందంది. నీలం కట్టుకుంటే నల్లగా కనిపిస్తావంది.

పెళ్లికూతురికి ఒళ్లు మండింది. మనసు పడ్డ ఎర్రపట్టును మోచేత్తో పక్కకు నెట్టేసి, చూస్తేనే కడుపులో తిప్పే బురదరంగుదాన్ని భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది.

"నాకిదే కావాలి అత్తయ్యా. ఆ ఎరుపు చూస్తేనే తలనొప్పి."

అత్తగారు ఎగాదిగా చూసింది. "నిజంగా నచ్చిందా?"

"ప్రాణం లేచొచ్చింది."

"అయితే నేనెందుకు కాదనాలి?" అంటూ షాపతనివైపు తిరిగింది. "బురదరంగుది ప్యాక్ చెయ్యి బాబూ. ఎరుపుది లోపల పెట్టెయ్."

పెళ్లికూతురి చూపు లోపలికి పోతున్న ఎర్రపట్టు వెంటే వెళ్లింది.

అత్తగారు చెవి దగ్గరికి వంగింది. "మా అత్త దగ్గర నేనూ ఇదే ఎత్తు వేశానమ్మాయ్. పాపం, ఆవిడ నమ్మింది."